పన్నెండులో ఇరవై

"ఇరవై!" అని అరిచాను నేను, ఛాతీలో ఉన్న గాలంతా ఒక్క మాటకే ఖర్చుపెట్టి.

"ఎవరోయ్?" అని వినపడింది మా బావకి.

"నేనేనోయ్! నేను కాక ఇంకెవరు?" అని వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పి, తుపాకీ భుజానికెత్తుకున్నాడు.

రెండు చెవులకీ రెండు డిప్పలు బిగించుకున్న మనిషికి ఇరవై అయితేనేం, ఎవరోయ్ అయితేనేం! తుపాకీ మోతకి చెవులు పోకుండా పెట్టుకునే డిప్పలవి. మోతా మాటా అనే భేదం వాటికి లేదు, అన్నిటినీ సమంగా నమిలేస్తాయి. మామూలు రోజైతే ఆ ఒక్క ముక్క పట్టుకుని వారం రోజులు బావని ఏడిపించేవాణ్ణి. ఆ పొద్దున మాత్రం ఆ జోలికి పోలేదు.

ఎందుకంటే మా క్లబ్బులో "ఇరవై" అంటే అంకె కాదు, కేక. అది వినపడితే ఎవరి చేతిలో ఏ తుపాకీ ఉన్నా తక్షణం నడుం విరిచి పట్టుకోవాలి. తుపాకీ నడుం, మన నడుం కాదు. ఎందుకు, ఏమిటి అని అడక్కూడదు. విరిచాకే మాట. డిప్పలు మెడకి దించుకుని, వంతు కోసం వరసలో నిలబడ్డ మిగతావాళ్ళంతా అలాగే విరిచారు కూడా. నిలబడి కాల్చే గడుల్లో మొదటిదాంట్లో ఉన్న బావ ఒక్కడే విరవలేదు.

పాడుబడ్డ రాళ్ళ క్వారీలో మట్టి పళ్ళేలు గాల్లోకి ఎగరేసి కాల్చుకునే క్లబ్బు మాది. అందులో తూటాల గది నా రాజ్యం. ఆ గదిలో మందుంది, తాగేది కాదు. గుళ్ళున్నాయి, దండం పెట్టేవి కాదు. గుండు మాత్రం నా సొంతం, అది నా నెత్తిమీదే ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠం నేనే చెబుతాను కాబట్టి మీకూ ఆ నాలుగు ముక్కలూ చెప్పేస్తాను. అవి తెలీకపోతే ఆ పూట నేనెందుకు పరిగెత్తానో మీకు తెలీదు.

రైఫిలు తూటాది ఒంటెద్దు పోకడ. ఇత్తడి గొట్టం, అడుగున అగ్గిబొట్టు, దానిమీద మందు, మూతిలో ఒకే ఒక్క గుండు. తుపాకీలోని సూది వెళ్ళి అగ్గిబొట్టుని పొడిస్తే అది చిటుక్కుమంటుంది. మందు అంటుకుని ఒక్కసారిగా పొగై ఉబ్బుతుంది. ఆ ఉబ్బు తోస్తే గుండు, గొట్టంలోని మెలికల వెంబడి బొంగరంలా తిరుగుతూ బయటపడుతుంది. తిరుగుతుంది కాబట్టే తిన్నగా పోతుంది. మనుషుల్లో మాత్రం తిరుగుబోతు తిన్నగా ఇంటికి పోయిన దాఖలా లేదు.

పరుగుపందేల్లో చప్పుడుకి వాడే ఉత్తుత్తి తూటా ఇంకో రకం. మందుంటుంది, గుండుండదు. అయినా దగ్గరగా పెట్టి కాలిస్తే ఆ ఉత్త గాలే ఒంటికి చిల్లు పెడుతుంది. పేరుకే ఉత్తుత్తి.

మేము వాడేది ఉమ్మడి కుటుంబం. ప్లాస్టిక్ ఒళ్ళు, ఇత్తడి మడమ. అగ్గిబొట్టూ మందూ మామూలే. మందుమీద చిన్న ప్లాస్టిక్ గిన్నె, గిన్నెలో ఆవగింజకి అన్నల్లాంటి సీసపు గుళ్ళు, వందల్లో. గొట్టం దాటేదాకా గిన్నె వాటిని కలిపి ఉంచుతుంది. వాకిలి దాటాక ఎవరి దారి వాళ్ళది. ఎగిరే పళ్ళేన్ని ఒంటి గుండుతో కొట్టడం కష్టం కాబట్టి ఇలా గుంపుని తోలతాం.

ఇక అంకెల సంగతి. ఒక పౌను, అంటే దరిదాపు అరకిలో, సీసాన్ని పన్నెండు సమానమైన ఉండలు చేస్తే, ఒక్క ఉండ సరిగ్గా పట్టేంత గొట్టం పన్నెండు నంబరుది. అదే సీసాన్ని ఇరవై ఉండలు చేస్తే ఉండ చిన్నదవుతుంది కదా, ఆ సన్న గొట్టం ఇరవై నంబరుది. అంకె పెద్దది, తూటా చిన్నది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు.

ఆ చిన్నదాన్ని పెద్ద గొట్టంలో వేస్తే అక్కడ ఆగదు. తూటా కూర్చునే గది దాటి ముందుకి జారి, గొట్టం సన్నబడే చోట చిక్కుకుంటుంది. మీట నొక్కితే సూదికి ఏమీ అందదు, "టిక్" అంటుంది. తుపాకీ విరిచి చూస్తే గది ఖాళీ! అరెరే, తూటా వెయ్యడం మర్చిపోయాను కాబోలు అనుకుని పన్నెండుది ఇంకోటి వేస్తాం. అది దర్జాగా కూర్చుంటుంది. ఈసారి మీట నొక్కితే వెనకది పేలి ముందున్నదానిమీద పడుతుంది. దారి మూసుకుపోయిన మంట పక్కకి దారి చూసుకుంటుంది. అలా చీలిన గొట్టం ఒకటి నా గది గోడకి వేలాడుతూ ఉంటుంది. ఒలిచిన అరటిపండు తొక్కలా నాలుగు పాయలై ఉంటుందది. చీలిక ఎక్కడుందో చూపించి కొత్తవాళ్ళని అక్కడ చెయ్యి వేసి పట్టుకోమంటాను. సరిగ్గా ఎడమచెయ్యి పట్టుకునే చోటు. నవ్వుతూ వచ్చినవాళ్ళెవరూ ఆ గొట్టం ముట్టుకున్నాక నవ్వలేదు.

అందుకే ఇరవై నంబరు తూటా ఒళ్ళు పసుపు రంగులో ఉంటుంది. పన్నెండు ఎర్రగా ఉండొచ్చు, తెల్లగా ఉండొచ్చు, పసుపుగా మాత్రం ఉండకూడదు. గుడ్డివాడు తప్ప ఎవరూ పొరబడరని మా ధీమా.

ఇప్పుడు బావ సంగతి. మా అక్క మొగుడు. గడియారాల మరమ్మతు కొట్టు ఆయనది. మాటల్లో మా బావని మించిన తుపాకీ మా క్లబ్బులో లేదు, గుండు అయిపోయినా పేలుతూనే ఉంటాడు. కానీ కొట్టులో కూర్చుని, కంటికి భూతద్దం బిగించి, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య గోరంత చక్రాన్ని పట్టుకున్నాడంటే ఊపిరికి కూడా అది కదలదు. ఆ రెండు వేళ్ళమీదే ఇల్లు గడుస్తోంది, పిల్ల చదువు నడుస్తోంది.

ఆ పిల్లే నా మేనకోడలు, పిచిక. సన్నగా ఉంటుందని ఆ పేరు. పన్నెండు నంబరు తుపాకీ తంతే దాని భుజం ఊడుతుందని ఇరవైది కొనిచ్చారు. తండ్రీకూతుళ్ళు ఒకే బల్లమీద సామాను పెట్టుకుంటారు. ఆయనవి తెల్ల తూటాలు, దానివి పసుపువి.

ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది. చలిగాలి. పిచిక తన వంతు ముగించుకుని వచ్చింది. బావ వెళ్ళి మొదటి గడిలో నిలబడ్డాడు. చెవులకి డిప్పలు, చేతులకి ఉన్ని తొడుగులు, కళ్ళకి మబ్బు రోజుల్లో అందరూ పెట్టుకునే రంగు కళ్ళద్దాలు. వెనక స్టూలుమీద అక్క కూర్చుంది, పళ్ళెం ఎగరేసే బొత్తం చేతిలో పట్టుకుని. బావ "పుల్!" అంటే అక్క నొక్కుతుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన మాట ఆవిడ వెంటనే వినేది ఆ ఒక్క చోటే.

"పుల్!" పళ్ళెం లేచింది. బావ మీట నొక్కాడు.

"టిక్."

వరసంతా నవ్వింది. బావ తూటా వెయ్యకుండానే గురిపెట్టడం అదేం మొదటిసారి కాదు. మాటల్లో పడి మర్చిపోతూ ఉంటాడు.

"ఏం బావా, ఇక్కడ కూడా గడియారాలే బాగుచేస్తున్నావా? టిక్ అంటోంది!" అని నా కిటికీలోంచి నేనే అందరికంటే గట్టిగా అరిచాను. ఆయనకి వినపడలేదు గానీ నవ్వులు కనపడ్డాయి. సిగ్గుపడి, తుపాకీ విరిచి, ఖాళీగా ఉందని చూసి, జేబులోంచి ఇంకోటి తీసి వేసుకున్నాడు. టిక్కుమన్నాక గొట్టంలోంచి ఆకాశం కనపడుతోందో లేదో చూసి మరీ వెయ్యాలని మా నియమం. నలుగురూ నవ్వుతుంటే నియమం ఎవరికి గుర్తుంటుంది? నవ్వించినవాణ్ణి నేనే, నాకే గుర్తు రాలేదు.

అప్పుడు వచ్చింది పిచిక కిటికీ దగ్గరికి.

"మావయ్యా, నా పసుపుది ఒకటి కనపడటంలేదు."

"ఎక్కడ పెట్టావే?"

"బల్లమీదే. ఒకటి మిగిలింది. మంచినీళ్ళు తాగి వచ్చేసరికి లేదు."

"కింద పడిందేమో చూశావా?"

"చూశాను. బల్లమీద నాన్నవి కూడా ఉన్నాయి. అవి నాన్న జేబులో వేసుకుని వెళ్ళాడు."

నా నోట్లో అప్పటికే తయారుగా ఉన్న తర్వాతి జోకు అక్కడే చచ్చిపోయింది. టిక్. ఖాళీ గది. ఇంకో తూటా. గోడమీది గొట్టం నా వీపు వెనకే వేలాడుతోంది. వెనక్కి తిరిగి చూడకపోయినా దాని నాలుగు పాయలూ నా వెన్నులో గుచ్చుకుంటున్నట్టే ఉంది.

అప్పుడు పెట్టాను ఆ కేక. దానికి మా బావ ఇచ్చిన జవాబు మీరు విన్నారు.

గదిలోంచి బయటపడి పరిగెత్తాను. పరిగెత్తడం నా ఒంటికి సరిపడని విద్య. పొట్ట ముందు, నేను వెనక. సగం దూరంలో ఇంకో నియమం గుర్తొచ్చి కాళ్ళకి అడ్డం పడింది: భుజాన తుపాకీ ఉన్నవాణ్ణి వెనకనుంచి ముట్టుకోకూడదు. ఉలిక్కిపడితే మొదట ఉలిక్కిపడేది మీటమీది వేలే. ముట్టుకోలేను. పిలిస్తే వినపడదు. ముందుకి వెళ్తే గొట్టానికి ఎదురు.

అప్పుడు తట్టింది. పళ్ళెం లేవకపోతే బావ కాల్చడు. దేన్ని కాలుస్తాడు, మబ్బునా?

అక్క వైపు తిరిగాను. ఆవిడకీ చెవుల డిప్పలే. బొటనవేలు బొత్తం మీదే ఉంది. కళ్ళు క్వారీ పైన ఆకాశంలో ఉన్నాయి. చెయ్యి పట్టుకుందామని చాచి, ఆగిపోయాను. నేను పట్టుకుంటే ఆ పట్టుకే బొత్తం నొక్కుకుపోతే?

వెళ్ళి ఆవిడ కళ్ళకి ఎదురుగా నిలబడ్డాను. రెండు అరచేతులూ కలిపి, పుస్తకం తెరిచినట్టు తెరిచాను. తుపాకీ విరవమని మా సైగ అది.

"పుల్!" అన్నాడు బావ.

అక్క నా మొహంలోకి చూసింది. పుట్టిన రోజు నుంచీ చూస్తున్న మొహం. దాంట్లో వేళాకోళం లేకపోవడం ఆవిడకి అదే మొదటిసారి అయ్యుంటుంది. బొటనవేలు గాల్లోకి లేచి అక్కడే ఉండిపోయింది.

పళ్ళెం లేవలేదు.

"పుల్!" ఈసారి పుల్లవిరుపుగా.

అక్క బొత్తాన్ని మెల్లిగా ఒళ్ళో పెట్టుకుంది. దాన్ని తాకకుండా రెండు చేతులూ పైకి తీసేసింది. వరసలో ఎవరూ కదలడంలేదు. విరిచిన తుపాకులు మోచేతులమీద వేలాడుతున్నాయి. అందరి కళ్ళూ ఒక్క చోటే, బావ ఎడమచేతిమీదే. గొట్టం కింద ఉన్ని తొడుగులో మెత్తగా, నమ్మకంగా ఆనుకుని ఉందది. దానికి నాలుగు వేళ్ళ అవతల, సీసమూ మందూ నింపుకుని ఒకటి ఇరుక్కుని ఉంది. దాని వెనక ఇంకోటి, సూదికి అందేలా. మీటమీది వేలు కదలాల్సింది గింజంత దూరం.

"ఏవిటే, కునుకు తీస్తున్నావా?" అంటూ బావ తిరిగాడు.

మెడతోబాటు తుపాకీ కూడా తిరిగింది.

ఇరవై ఏళ్ళుగా ఎన్నో గొట్టాలు తుడిచాను, వెనకనుంచి చూశాను. ముందునుంచి చూడటం అదే మొదలు. చిన్న నల్లటి గుండ్రం. అది వరసని దాటి, నా పొట్టమీదుగా వచ్చి, అక్క మీదికి జారి, ఆవిడ వెనకే పరిగెత్తుకొచ్చిన పిచిక దగ్గర తచ్చాడింది.

అక్క లేచింది. చలిలో పాలు పొంగుతున్నంత నెమ్మదిగా. పిచికకి అడ్డంగా నిలబడి, రెండు అరచేతులూ కలిపి తెరిచింది. పెదాలు మాత్రం కదిపింది: "ఏమండీ."

బావ ఆవిడ మొహం చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, గొట్టం నేలకి దించి, బొటనవేలితో వెనక ఉన్న గడియ తోసి, తుపాకీ నడుం విరిచాడు. తెల్ల తూటా ఒకటి చెక్కు చెదరకుండా ఎగిరి గులకరాళ్ళమీద దొర్లింది.

ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నేనేనేమో.

"ఏమైందిరా బామ్మర్దీ?" బావ డిప్పలు మెడకి దించుకున్నాడు. "ఎవరోయ్ అంటే నేనే అని చెప్పానుగా! మళ్ళీ ఈ మూగసైగలేమిటి? అందరూ కలిసి ఆటాడుతున్నారా నాతో?"

"ఎవరోయ్ కాదు బావా. ఇరవై అన్నాను."

బావ మొహంలో రంగు దిగిపోవడం చూశాను. చేతిలో తుపాకీ వైపు చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు.

ఈలమ్మగారు వచ్చింది. వరస మొత్తానికి పెద్దదిక్కు ఆవిడ. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. అప్పటిదాకా ఆవిడ ఆ చివరి గడిలో కొత్తవాళ్ళకి నిలబడటం నేర్పుతూ ఉంది. తుపాకీ అందుకుని, వెనక వైపునుంచి ఆకాశానికి ఎత్తి చూసింది.

"వెలుతురు లేదు," అంది.

చెక్క కడ్డీ తెప్పించింది. మూతివైపునుంచి మెల్లిగా లోపలికి తోసింది. మొదట కదల్లేదు. ఇంకొంచెం తోసింది. "టప్" మంటూ చిన్నగా, ఏమీ ఎరగనట్టు, తూటా ఆవిడ అరచేతిలో పడింది. పసుపుది.

పిచిక ఏడుపు అందుకుంది. "నేను పెట్టలేదు నాన్నా! నీ జేబులో నేను వెయ్యలేదు!"

"నువ్వు కాకపోతే దానికి కాళ్ళొచ్చాయా?" అంది వరసలోంచి ఒకావిడ. "పిల్లల చేతికి తుపాకులిస్తే ఇంతే."

"చిన్నపిల్లని అనకండి," అన్నాడు బావ. "అయినా మీరందరూ దేనికి ఇంత గోల చేస్తున్నారు? గొట్టంలో ఏదో ఇరుక్కుంది, నిజమే. కానీ ఇది పసుపుది కాదుగా. నాదే ఇది. తెల్లదే."

అందరం ఆయన్ని చూశాం. ఈలమ్మగారు అరచెయ్యి ఆయన ముక్కు కిందికి తీసుకెళ్ళింది.

"ఇది తెల్లదా?"

"తెల్లదే. కింద దొర్లిందిగా, అదీ ఇదీ ఒకటే."

"బావా," అన్నాను. "భయానికి మతి చెడిందా? నిమ్మపండులా పచ్చగా ఉంటే తెల్లదంటావేం?"

"నా కళ్ళు గడియారాల కళ్ళురా! నాకు రంగులు నువ్వు చెబుతావా?" చెమట కళ్ళలోకి దిగుతోంది. అంత చలిలోనూ. తుడుచుకోవడానికి కళ్ళద్దాలు తీశాడు.

తీసినవాడు తీసినట్టే ఉండిపోయాడు. అరచేతిలో ఉన్నదాన్ని చూశాడు. మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. మళ్ళీ తీశాడు.

"అమ్మో," అన్నాడు. ఆ ఒక్క మాటే.

కళ్ళద్దాలు పిచిక చేతికిచ్చాడు. పిచిక పెట్టుకుని, ఏడుపు మధ్యలో ఆపేసింది. నాకిచ్చింది. నేను పెట్టుకుని చూశాను. ఆ అద్దాలు పసుపువి. మబ్బులో మట్టి పళ్ళెం స్పష్టంగా కనపడాలని పెట్టుకునేవి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. కానీ లోకమంతా పచ్చగా ఉంటే, అందులో నిజంగా పచ్చనిది ఏదో వాడికెలా తెలుస్తుంది? తెల్ల తూటా లేత పసుపులో ఉంది. పసుపు తూటా లేత పసుపులో ఉంది. కాసేపటికి కళ్ళు ఆ రంగుకి అలవాటుపడితే రెండూ తెల్లనివే.

"బల్లమీద నావి ఏరుకున్నాను," అన్నాడు బావ, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "ఒకటి కాస్త దూరంగా ఉంది. నాదే జరిగిందనుకున్నాను. తెల్లగానే కనపడింది."

"సన్నంగా ఉంటుంది కదండీ అది," అంది అక్క. "వెంట్రుకంత తేడా కనిపెట్టే వేళ్ళు కదా మీవి. ఆ మాత్రం తెలీలేదా?"

బావ ఎడమచెయ్యి పైకెత్తి చూపించాడు. ఉన్ని తొడుగు. అక్క ఆ చెయ్యి పట్టుకుని తొడుగు లాగేసింది. ఒక్కొక్క వేలూ లెక్కపెడుతున్నట్టు తడిమింది.

పిల్లని అన్న ఆవిడ ముందుకొచ్చి, "నేనూ చూస్తాను, ఇలా ఇవ్వండి కళ్ళద్దాలు," అంది.

"మీకెందుకమ్మా ఇవి?" అంది ఈలమ్మగారు. "మీ కళ్ళకే ఉన్నాయిగా."

ఆవిడ చెయ్యి తన మొహానికి వెళ్ళింది. అప్పుడు చూశాం మేమంతా. మబ్బు రోజు కదా, వరసలో ఉన్న ప్రతి మొహంమీదా అవే పసుపు అద్దాలు. అంతమందిమీ ఇంతసేపూ రంగుని కాపలా పెట్టి, ఆ కాపలావాడి కళ్ళకి మేమే గంతలు కట్టుకుని తిరుగుతున్నాం. తూటా పసుపుదని గుర్తుపట్టినవాళ్ళం ముగ్గురమే. గదిలో కూర్చునే నేను, మెడలో ఈల తప్ప ఇంకేమీ పెట్టుకోని ఈలమ్మగారు, వంతు అయిపోయి అద్దాలు తీసేసిన పిచిక.

"అందరికీ అర్థమైంది కదా," అంది ఆవిడ. "పిల్ల తప్పు లేదు, తండ్రి తప్పూ లేదు. అద్దాలు తియ్యండి."

ఒక్కొక్కరే తీశారు. పిల్లని అన్నావిడ పిచిక తల నిమిరింది. ఈలమ్మగారు బల్ల తెచ్చి వరస మధ్యలో వేయించింది. ఎవరూ చెప్పకుండానే ఒకరి వెనక ఒకరు వచ్చి, తొడుగులు విప్పి, ఉత్త చేతులతో జేబుల్లోవన్నీ బల్లమీద పోశారు. ఉత్త కళ్ళతో వంగి, ఒక్కొక్కటీ వేరు చెయ్యడం మొదలుపెట్టాం.